దరువుంది, మాటుంది... రేడియో కావాలి

ఒడిశా సరిహద్దు కొండల దగ్గర, కురుపాం సంతలో ఒక మూల నిలబడి వినండి. చింతపండు తట్ట ముందు కూర్చున్న సవర ముసలామె పక్కనున్న మనవరాలితో సవరలో మాట్లాడుతుంది. బేరమాడే షావుకారు రాగానే అదే నోటితో తెలుగు అందుకుంటుంది. కొండ దిగి వచ్చిన జాతాపు కుర్రాడు ఒడిశా వైపు నుంచి వచ్చిన కొండచీపుర్ల వ్యాపారితో సగం ఒడియాలో, సగం తెలుగులో లెక్క తేల్చుకుంటాడు. సెల్‌ఫోన్ సామాన్లు అమ్మే కొట్టులో చిన్న బ్లూటూత్ పెట్టె మోగుతుంటుంది. కాసేపు తెలుగు సినిమా పాట, కాసేపు కోరాపుట్ వైపు దేశియా పాటకు డీజే దరువు, మధ్యలో ఏ దేశానిదో తెలియని పాట ఒకటి. భాష ఎవరికీ అర్థం కాదు. అయినా పిల్లల కాళ్లు ఆగవు. ఆ దరువు పోర్టోరికో ద్వీపానిది, ఆ భాష స్పానిష్. రీల్స్‌లో పడి కురుపాం దాకా వచ్చేసింది.

ఇన్ని భాషలు ఒక్క నాలుక మీద ఆడే ఊరికి, ఇన్ని దరువులు ఒక్క చెవిలో ఇమిడే ఊరికి రేడియో మాత్రం ఎప్పుడూ దూరం నుంచే మాట్లాడింది. విశాఖ మాట్లాడింది, జయపురం మాట్లాడింది, ఒకప్పుడు సిలోను కూడా మాట్లాడింది. కురుపాం వింది. కురుపాం తన రెండు భాషల్లో, సవరలోనూ తెలుగులోనూ, తానే మాట్లాడితే, థింసా ఆటలో మోగే తుడుము పక్కనే కుర్రకారు మెచ్చే కొత్త దరువును కూడా కూర్చోబెడితే ఎలా ఉంటుంది? ప్రపంచంలో ఇలాంటి స్టేషన్లు ఉన్నాయి. ఒకటి సముద్రాల అవతల ఉంది, ఇంకొకటి మన కొండ అవతలే ఉంది.

ప్రూన్ల తోటలో మొదలైన కథ

అమెరికాలోని కాలిఫోర్నియా నడిబొడ్డున ఫ్రెస్నో అనే ఊరుంది. చుట్టూ ద్రాక్ష, బాదం, పత్తి. ఆ పొలాల్లో కూలి చేసేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవాళ్లు. మెక్సికో వాళ్లంటే అందరిదీ స్పానిష్ అనుకుంటాం. కానీ ఆ దేశపు దక్షిణాన ఓహాకా కొండల్లో మిష్టెక్, జపోటెక్ లాంటి ఆదివాసీ భాషలు మాట్లాడే జనం లక్షల్లో ఉన్నారు. సొంత దేశంలోనే వాళ్ల భాషను చిన్నచూపు చూశారు. వలస వచ్చాక ఇంగ్లీషు ఒక గోడ, స్పానిష్ ఇంకో గోడ.

ఆ కొండల్లో పుట్టిన మిష్టెక్ కుర్రవాడు హ్యూగో మొరాలెస్. చిన్నతనంలోనే కుటుంబంతో కాలిఫోర్నియా వచ్చి ప్రూన్ల తోటల్లో పళ్లు ఏరాడు. చదువులో గట్టివాడు కావడంతో హార్వర్డ్ దాకా వెళ్లాడు, అక్కడే న్యాయశాస్త్రం చదివాడు. అంత చదువు చదివినవాడు తూర్పు తీరంలో వకీలుగా స్థిరపడితే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన మాత్రం ఫ్రెస్నోకి తిరిగొచ్చి రైతుకూలీలను, కళాకారులను, టీచర్లను పోగేసి ఒక రేడియో పెట్టాడు. పేరు రేడియో బిలింగ్వే. రెండు భాషల రేడియో అని అర్థం. 1980 జులై 4న గాలిలోకి వచ్చింది.

ఆ స్టేషన్ వాళ్లు మొదట పట్టుకున్నది పాటను. మెక్సికో పల్లెల నోర్తేన్యో, కరీబియన్ సల్సా, మరియాచీ బృందాల పాటలు పెట్టారు. పొలం నుంచి అలసిపోయి వచ్చిన మనిషి తన ఊరి పాట వినపడితే రేడియో కట్టేయడు. పాట అయ్యాక పురుగుమందు చల్లిన చేలో ఎన్నాళ్లకు అడుగుపెట్టాలో చెబితే అదీ వింటాడు. కూలి ఎగ్గొడితే ఎవరి దగ్గరకు వెళ్లాలో, పిల్లలకు టీకాలు ఎక్కడ వేస్తారో చెబితే అదీ వింటాడు. తర్వాత ఆదివారాల్లో మిష్టెక్ భాషలోనే ఒక కార్యక్రమం మొదలైంది. ఉపగ్రహం ద్వారా అది ఓహాకా కొండలకూ చేరింది. ఫ్రెస్నోలో ఉన్న కొడుకు పలకరింపు కొండ మీదున్న తల్లి రేడియోలో వినపడింది. 1994లో మొరాలెస్‌కు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. స్టేషన్ ఇప్పటికీ నడుస్తోంది.

ఇక్కడ మనం పట్టుకోవలసింది ఒకటుంది. మిష్టెక్ భాషకు అమెరికాలో ఏ అధికారమూ లేదు. ఆ భాషలో రేడియో పెడితే ప్రకటనలు రావు. పెద్ద వ్యాపార స్టేషన్లు లెక్కలు వేసుకుని దాన్ని వదిలేశాయి. లెక్కలకు లొంగని మనిషి ఒకడు ఆ భాషవాళ్లలోంచే పుట్టాడు కాబట్టి అది గాలిలోకి వచ్చింది.

కలిసి ఆడే రెండు నాట్యాలు

లాటిన్ సంగీతం అంటే మన పట్నాల్లో క్లబ్బుల మాట అనుకుంటారు. దాని పుట్టుక వేరు. కొలంబియా దేశపు కరీబియన్ తీరంలో కుంబియా అనే నాట్యం ఉంది. డప్పులు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులవి. పొడుగాటి పిల్లనగ్రోవులు ఆ నేల ఆదివాసులవి. పాట భాష స్పానిష్. వాద్యకారులు మధ్యలో ఉంటే ఆడామగా వాళ్ల చుట్టూ వలయంగా కదులుతారు. ఆడవాళ్ల చేతుల్లో వెలిగే కొవ్వొత్తుల కట్ట ఉంటుంది. తక్కువ జాతి ఆట అని ఒకప్పుడు ఊళ్ల పెద్దలు ఈసడించుకున్న ఈ నాట్యం తర్వాత మెక్సికో, పెరూ, అర్జెంటీనా అంతా పాకింది. పెరూలో ఆండీస్ కొండలు దిగి లిమా నగరానికి కూలికొచ్చిన జనం తమ వాయినో పాటలను కుంబియా దరువుతో, ఎలక్ట్రిక్ గిటారుతో కలిపి ‘చిచా’ అనే కొత్త బాణీ కట్టుకున్నారు. లిమా రేడియోల్లో తెల్లవారుజామున, పట్నం పెద్దమనుషులు ఇంకా లేవని వేళ, ఈ కొండజనం పాటలకు చోటు దొరికింది. ఆ వేళకు పనికి బయల్దేరేది వాళ్లే కదా.

ఇప్పుడు థింసా చూడండి. అరకు నుంచి కోరాపుట్ దాకా, ఇటు మన్యం కొండల దాకా చైత్రంలో మోగే ఆట. వాద్యాలు తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు. తోలు వాద్యాలు దరువు పట్టుకుంటే మోరి సన్నగా పైనుంచి లాగుతుంది. బోడ థింసాలో కుడి కొసన నెమలి ఈకల కట్ట పట్టుకున్న మనిషి దారి చూపుతాడు. ఎడమ కొసన అందెలు కట్టుకున్న మనిషి అతనికి జత కలుస్తాడు. నడుమనున్నవాళ్లు ఒకరి చేతులొకరు వీపుల వెనుక పెనవేసుకుని పాములా మెలికలు తిరుగుతారు. అడుగులు ఒక్కటి తప్పినా వరస మొత్తం తడబడుతుంది, అందుకే పక్కవాడి భుజం కదలికను ఒళ్లంతా చెవులు చేసుకుని వింటారు. గొడ్డిబేట థింసాలో ముందుకు వంగి లేస్తారు. పోతర్‌తోలా ఆకులు ఏరడానికి సంబంధించినది. బాగ్ థింసాలో పులి వస్తే ఊరు ఎలా తప్పించుకోవాలో ఆడి చూపిస్తారు. అంటే ఆటలోనే ఒక హెచ్చరిక ఉంది, ఒక పాఠం ఉంది. రేడియో చేయవలసిన పనిని థింసా ఎప్పటి నుంచో చేస్తోంది.

ఇప్పుడు ప్రపంచమంతా మోగుతున్న రెగెటాన్ దరువు కథ కూడా ఇలాంటిదే. జమైకాలో పుట్టిన బాణీ పనామా మీదుగా పోర్టోరికో మురికివాడలకు చేరింది. 1990ల్లో అక్కడి పోలీసులు ఆ క్యాసెట్లు అమ్మే దుకాణాల మీద దాడులు చేశారు. 2017లో అదే ద్వీపం నుంచి వచ్చిన ‘డెస్పాసీతో’ అమెరికా పాటల పట్టికలో 16 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆ తర్వాత బ్యాడ్ బన్నీ అనే పోర్టోరికో గాయకుడు 2020 నుంచి వరసగా మూడేళ్లు స్పాటిఫైలో ప్రపంచంలోనే ఎక్కువమంది విన్న కళాకారుడయ్యాడు. ఆయన పాడేది స్పానిష్‌లోనే. పాట పెద్దది కావాలంటే భాష మార్చుకోవాలన్న పాత నమ్మకాన్ని ఆయన తుడిచిపెట్టాడు.

కురుపాం పిల్లలు ఆ దరువుకు కాలు కదిపితే పెద్దలు బెంగపడనక్కర్లేదు. దరువు దరువును తోసేయదు. బొంగో, కాంగో, మరాకాస్ అనే లాటిన్ వాద్యాలు మన సినిమా వాద్యబృందాల్లోకి ఎప్పుడో వచ్చాయి. వాటితో తెలుగు పాట తెలుగుదనం పోగొట్టుకోలేదు. బెంగపడవలసింది ఇంకోచోట ఉంది. స్పానిష్ పాట వినపడే చెవికి సవర పాట వినపడే దారి లేకపోవడం, అదీ బెంగ.

గాలిలో వచ్చిన గొంతులు

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలైంది. మరుసటి ఏడు, 1964లో, కొండల అవతల ఒడిశాలోని జయపురంలో ఇంకో కేంద్రం వచ్చింది. రెండూ మీడియం వేవ్ కేంద్రాలే. మీడియం వేవ్ తరంగం నేలను పట్టుకుని సాగుతుంది, కొండల్ని కొంతవరకు చుట్టి వస్తుంది. రాత్రయితే ఆకాశపు పొరల్లో తగిలి ఇంకా దూరం వెళుతుంది. అందుకే కురుపాం, గుమ్మలక్ష్మీపురం, మొండెంఖల్ వైపు ట్రాన్సిస్టర్ ముల్లు కాస్త ఇటు తిప్పితే తెలుగు, అటు తిప్పితే ఒడియా, దేశియా. కొండమీద బడిపంతులు, అటవీశాఖ గార్డు, సంతకు సరుకు తెచ్చే షావుకారు ఇంట్లో రేడియో ఉంటే ఆ అరుగు సాయంత్రానికి నిండేది. అంతకు ముందు రేడియో సిలోను తెలుగు పాటలు, మీనాక్షి పొన్నుదురై గొంతు ఆంధ్రదేశం మూలమూలకూ చేరాయి. సముద్రం అవతలి నుంచి ఒకామె తెలుగులో పలకరిస్తుంటే మన పక్క ఊరి నుంచే పలకరించినట్టు ఉండేదని ఆ తరం వాళ్లు ఇప్పటికీ చెబుతారు.

ఆకాశవాణిని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. 1986లో వచ్చిన ఆదిలాబాద్ కేంద్రం గోండి భాషలో కార్యక్రమాలు చేసింది. ఆదివాసీ పాటను టేపు మీదకు ఎక్కించిన మొదటి మైకులు చాలాచోట్ల ఆకాశవాణివే. కానీ పెద్ద కేంద్రానికి వారంలో ఒక అరగంట గిరిజన కార్యక్రమం ఉంటుంది. మిగతా వారమంతా మైదానం మాట్లాడుతుంది. ఆ అరగంట మంచిదే, సరిపోదు.

ఎఫ్‌ఎం వచ్చాక ఇంకో చిక్కు. విశాఖలో ప్రైవేటు స్టేషన్లు సినిమా పాటలతో హోరెత్తించాయి. అయితే ఎఫ్‌ఎం తరంగం చూపు లాంటిది, తిన్నగా వెళుతుంది. ఎదురుగా కొండ ఉంటే అక్కడే ఆగిపోతుంది. పట్నం ఎఫ్‌ఎం కురుపాం లోయల్లోకి రాదు. వచ్చినా అందులో కురుపాం ఉండదు.

పాటతో మాట పంచడం ఈ కొండలకు కొత్త కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1960ల చివర శ్రీకాకుళ ఉద్యమకాలంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఊరూరా వినిపించాడు. జముకు చేతబట్టి కథకుడు ఒక ఊళ్లో నిలబడితే ఆ రాత్రికి అదే రేడియో. ఆ రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, దరువు కట్టి చెప్పిన మాట ఈ నేల మీద ఎంత దూరం వెళుతుందో ఆ రోజులు చూపించాయి.

గిడుగు దగ్గరకు వెళ్దాం

సవర భాష గురించి మాట్లాడుతూ గిడుగు వేంకట రామమూర్తి పేరు తలవకుండా ఉండలేం. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగా ఆయన మనకు తెలుసు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కానీ ఆయన జీవితంలో ఇంకో సగాన్ని ఆ సభల్లో అంతగా తలుచుకోం. పర్లాకిమిడిలో మాస్టరుగా ఉన్నప్పుడు చుట్టుపక్కల కొండల నుంచి వచ్చే సవరల మాట ఆయన చెవిన పడింది. ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, నేర్చుకునేందుకు బడి లేదు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు నడిపాడు. వాళ్ల కథలు, పాటలు రాసుకున్నాడు. 1931లో సవర భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఏళ్ల తరబడి బతికిన ఊరు వదిలి రాజమండ్రికి వచ్చేశాడు.

ఆ రెండు పనులూ నిజానికి ఒక్కటే. నోటి మాటకు గౌరవం ఇవ్వాలన్నది ఆయన పట్టు. పండితుడి గ్రాంథికం ముందు రైతు తెలుగు చిన్నబోకూడదు, తెలుగు ముందు సవర చిన్నబోకూడదు. రేడియో పూర్తిగా నోటి మాట మీద బతికే సాధనం. గిడుగు వాదానికి అంతకంటే సరిపడే చోటు ఏముంటుంది?

సవర తెలుగు కుటుంబపు భాష కాదు. ముండా శాఖకు చెందింది, సంతాలీకి చుట్టం. జాతాపుల పూర్వభాష కువి మాత్రం ద్రావిడ కుటుంబానిదే. అందులో తెలుగు చెవికి అక్కడక్కడ తెలిసిన మాటలు తగులుతాయి. 2011 జనగణనలో దేశం మొత్తం మీద సవర మాతృభాష అని చెప్పినవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. జాతాపుల్లో చాలామంది ఇప్పటికే తెలుగులోకి వచ్చేశారు. సంతాలీ 2003లో రాజ్యాంగపు ఎనిమిదో షెడ్యూలులో చేరింది. సవరకు ఆ చోటు లేదు. 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో సవర, కువి, కొండ, కోయ, గోండి తదితర ఎనిమిది భాషల్లో బహుభాషా బోధన మొదలుపెట్టారు. మంచి పని. కానీ బడిలో రెండు మూడేళ్లు చదివిన భాష బయట ఎక్కడా వినపడకపోతే పిల్లవాడు ఆ భాష బడి గోడల లోపలి సంగతి అనుకుంటాడు. రేడియోలో తన భాష విన్న పిల్లవాడు అలా అనుకోడు.

పదేళ్లు ఆగిన సంగం రేడియో

గాలి ఎవరిది? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న జవాబు చెప్పింది. క్రికెట్ ప్రసారాల తగువు మీద వచ్చిన తీర్పు అది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని ధర్మాసనం తేల్చింది. ఆ ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. తీర్పు వచ్చినా తలుపు వెంటనే తెరుచుకోలేదు. 2002 చివర విద్యాసంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి ఇచ్చారు. స్వచ్ఛంద సంస్థలకు ఆ వీలు 2006 నవంబరులో గానీ రాలేదు.

ఈ ఆలస్యం ఎలాంటిదో జహీరాబాద్ దగ్గరి దళిత రైతు మహిళలను అడగాలి. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంగం మహిళలు యునెస్కో చేయూతతో 1998కే స్టూడియో సిద్ధం చేసుకున్నారు. లైసెన్సు లేదు. పదేళ్లు ఆగారు. ఆగారంటే చేతులు కట్టుకుని కూర్చోలేదు. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి, పండగ పాటలను, మంత్రసానుల అనుభవాలను క్యాసెట్ల మీద రికార్డు చేసి సంగం కూడికల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంగం రేడియో గాలిలోకి వచ్చింది. దేశంలో స్వచ్ఛంద సంస్థ తరఫున మొదలైన తొలి కమ్యూనిటీ రేడియో అదే. నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ పల్లె నుంచి వచ్చినవాళ్లే. స్టూడియోలో మిక్సర్ మీటలు ఎత్తి దించడం, గొంతు పగలకుండా మైకు సరిచేయడం, టేపులో అక్కర్లేని ముక్క కోసేయడం అంతా వాళ్లే చేశారు. భాష మెదక్ జిల్లా మాట. పుస్తకాల తెలుగు కాదు. ఆ యాసను దిద్దాలని వాళ్లకు ఒక్కనాడూ అనిపించలేదు.

ఇక కొండ అవతలి సంగతి. కోరాపుట్‌లో సోవా అనే స్వచ్ఛంద సంస్థ నడిపే కమ్యూనిటీ రేడియో పేరే ‘రేడియో థింసా’. కురుపాం నుంచి రాష్ట్రం సరిహద్దు దాటి ఇంకా ముందుకు వెళితే వచ్చే కొండలవి, ఆడే ఆట ఒకటే, తినే కొర్రలు, రాగులు ఒకటే. అక్కడ సాధ్యమైనది ఇక్కడ అసాధ్యం కాదు.

కురుపాం సాయంత్రం ఆరు గంటలకు

కమ్యూనిటీ రేడియోకు అనుమతించే శక్తి చిన్నది, వంద వాట్లు. స్తంభం ఎత్తు మామూలుగా 30 మీటర్లు. మైదానంలో అయితే పది పదిహేను కిలోమీటర్లు వినపడుతుంది. కొండల్లో ఏ గుట్ట మీద స్తంభం నాటారన్నదే అసలు విషయం. లోయలోకి తిన్నగా చూపు పడే చోటు ఎంచుకుంటే చిన్న ట్రాన్స్‌మిటరే చాలా పల్లెలకు చేరుతుంది. తప్పు చోటు ఎంచుకుంటే పక్క ఊరికీ వినపడదు. ఈ పని కాగితం మీద కాదు, గుట్ట ఎక్కి, చేతిలో రేడియో పట్టుకుని పల్లెపల్లెకూ తిరిగి చేయాలి. ఆ దారులు తెలిసినవాళ్లు కురుపాంలో ఉన్నారు.

అలాంటి స్టేషన్‌లో ఒక సాయంత్రం ఎలా ఉండాలో ఊహించుకుందాం. ఆరింటికి తుడుము మోగుతుంది. ఒక పల్లె బృందం పాడిన కందికొత్తల పండగ పాట. తర్వాత సవరలో ఒక అమ్మాయి, తెలుగులో ఒక కుర్రాడు కలిసి మాట్లాడతారు. ఒకరు చెప్పింది ఇంకొకరు ఊరికే తిప్పి చెప్పడం కాదు, ఇద్దరూ సంతలో మాట్లాడుకున్నట్టు. “ఏటమ్మా, మీ ఊరవతల గెడ్డ కాడ ఏనుగులు కనిపించాయంట గదా” అని ఆ కుర్రాడు తెలుగులో అడిగితే ఆమె సవరలో జవాబిస్తుంది, నవ్వుతుంది, చివర్లో తెలుగులో ఒక్క మాట వేస్తుంది. విన్నవాడికి రెండూ తెలుసు. తెలియకపోయినా తెలుస్తుంది.

ఏనుగుల మాట ఊరికే చెప్పలేదు. ఒడిశా అడవుల నుంచి దిగిన ఏనుగుల గుంపులు కొన్నేళ్లుగా కురుపాం, జియ్యమ్మవలస, కొమరాడ వైపు తిరుగుతున్నాయి. పంటలు పోతున్నాయి, మనుషుల ప్రాణాలూ పోయాయి. ఏనుగులూ చనిపోతున్నాయి. 2023 మేలో భామిని మండలంలో కరెంటు తీగలు తగిలి నాలుగు ఏనుగులు ఒకేచోట పడిపోయాయి. గుంపు ఏ గెడ్డ దాటింది, ఏ తోటలో ఉంది, ఈ రాత్రి ఏ దారిన పోకూడదు అన్నది సెల్ సిగ్నల్ అందని ఊరికి సాయంత్రమే చేరవలసిన కబురు. బాగ్ థింసా ఆడి పులి సంగతి చెప్పిన జనానికి ఏనుగు సంగతి చెప్పడానికి ఒక గొంతు కావాలి.

ఆ తర్వాత ధరలు. గిరిజన సహకార సంస్థ చింతపండుకు ఎంత ఇస్తోంది, జీడిపిక్కలు ఎంత పలికాయి, కొండచీపుర్లు కట్ట ఎంత. ఈ లెక్క తెలిసి సంతకు దిగిన మనిషి బేరంలో ఓడిపోడు. తర్వాత ఆరోగ్యం. మలేరియా, రక్తహీనత, పుట్టుకతో వచ్చే సికిల్‌సెల్ గురించి ఆశా కార్యకర్త తన భాషలో చెబితే డాక్టరు మాట కంటే లోతుగా దిగుతుంది. చివర్లో ఒక అరగంట పూర్తిగా కుర్రకారుది. తెలుగు మాస్ పాట, దేశియా డీజే, రెగెటాన్, కుంబియా, వాటి మధ్య వాళ్లు సొంతంగా కంప్యూటర్‌లో కట్టిన థింసా దరువు. సినిమా పాటలు వేస్తే హక్కుదారులకు రుసుము కట్టాలి. పల్లెలో సొంతంగా రికార్డు చేసిన పాటకు ఆ బాధ లేదు. డబ్బు తక్కువగా ఉండటం కూడా ఇలా సొంత పాటకే మేలు చేస్తుంది.

అడ్డంకులు లేవని చెప్పను. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి బులెటిన్‌ను యథాతథంగా వేసుకోవచ్చు. ఊరి సమాచారం, వాతావరణం, ధరలు, ప్రభుత్వ ప్రకటనలు మాత్రం చెప్పుకోవచ్చు. ప్రకటనలకు గంటలో ఉన్న పరిమితిని 2024లో 12 నిమిషాలకు పెంచారు. అయినా కురుపాంలో ప్రకటన ఇచ్చే పెద్ద దుకాణాలు ఎన్ని? కరెంటు, జీతాలు, పాడైన పరికరాలు ఇవే స్టేషన్లను మింగేస్తాయి. మొదటి ఏడాది ఉత్సాహంతో నడిచి మూడో ఏడు మూగబోయిన స్టేషన్లున్నాయి. బొలీవియా తగరపు గనుల్లో 1940ల చివర మొదలైన కార్మికుల రేడియోలు దశాబ్దాలు నిలిచాయంటే కార్మికులు తమ కూలీలోంచి చందా వేసుకున్నందుకే. స్పానిష్‌తో పాటు క్వెచువా, అయ్‌మారా భాషల్లో మాట్లాడిన ఆ స్టేషన్ల మీద సైన్యం దాడి చేసినప్పుడు కాపాడుకున్నదీ వాళ్లే. ఊరు తనదనుకుంటేనే రేడియో నిలుస్తుంది. ఏ పథకం కిందో బిగించి, రిబ్బను కత్తిరించి వెళ్లిపోయేది నిలవదు.

అందుకే స్టేషన్ ఎవరు పెడతారన్నది ముఖ్యం. నిబంధనల ప్రకారం విద్యాసంస్థలు, నమోదైన స్వచ్ఛంద సంస్థలతో పాటు కృషి విజ్ఞాన కేంద్రాలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. కురుపాం పక్కనే, గుమ్మలక్ష్మీపురం మండలం రస్తాకుంటుబాయిలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఈ పల్లెలకు ఇప్పటికే తెలిసినవాళ్లు. విజయనగరం జిల్లాలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. పార్వతీపురంలో గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది. సవర, కువి భాషల్లో పాఠాలు తయారుచేసిన టీచర్లు ఉన్నారు. పరికరాలకు గ్రాంటు ఇచ్చే కేంద్ర పథకమూ ఉంది. దేశంలో ఇప్పటికే దాదాపు ఐదు వందల కమ్యూనిటీ రేడియోలు నడుస్తున్నాయి.

రస్తాకుంటుబాయి కేంద్రమూ, గిరిజన విశ్వవిద్యాలయమూ కలిసి కూర్చుని ఒక దరఖాస్తు రాయాలి. కేంద్ర సమాచార ప్రసార శాఖ ‘బ్రాడ్‌కాస్ట్ సేవ’ పోర్టల్‌లో దాన్ని పెట్టాలి. స్టేషన్ నడిపే సంఘంలో సగం కుర్చీలు సవర, జాతాపు ఆడవాళ్లకు ముందే రాసిపెట్టాలి. లైసెన్సు వచ్చేదాకా సంగం రేడియో వాళ్లలా రికార్డింగు మొదలుపెట్టాలి. ఇప్పటి ఫోనుతోనే ఆ పని అవుతుంది. కురుపాం చుట్టుపక్కల ఊళ్లలో చదువుకున్న పిల్లలకు ఒక విన్నపం: మీ ఇంట్లో సవర, కువి పాటలు తెలిసిన ముసలివాళ్లుంటే ఈ చైత్రం దాకా ఆగకుండా వాళ్ల గొంతు రికార్డు చేసి దాచండి. స్టేషన్ రేపు వచ్చినా ఆలస్యంగా వచ్చినా మొదటి రోజు వేసేందుకు పాట మీ దగ్గరే ఉండాలి.